పలకని ముప్పై ఒక్కరు

"ఆ ముసలాయన మల్లొచ్చిండు సారూ," అంది ఆఫీసు ఊడ్చే సైదమ్మ.

సతీష్ తల పట్టుకున్నాడు.

అసలే కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది అతని పరిస్థితి. మలేరియా రాకుండా వేసుకునే కొత్త మాత్రను కిన్నెరసాని అవతలి గూడేల్లో నూట ఇరవై మందికి ఆర్నెల్లపాటు ఇచ్చి చూడటం అతని పని. హైదరాబాదు కంపెనీ పాల్వంచ బస్టాండు వెనక రెండు గదులు కిరాయికి తీసుకుని కూర్చోబెట్టింది. సాయంత్రం ఐదుకల్లా ఫైలు కొరియర్‌లో పోవాలి. రిజిస్టర్లో, మధ్యలో మాత్ర ఆపేసిన ముప్పై ఒక్క పేర్ల పక్కన కారణం రాసే గడి ఇంకా ఖాళీ. జల్దీ, జల్దీ అంటూ మేనేజరు పొద్దుటినుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాడు.

"నమస్తే బాబూ."

ముసలాయన లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చోమన్నవాళ్ళు లేరు, లేవమన్నా లేచే రకం కాదు. మాసిన లాల్చీ, మోకాళ్ళదాకా ఎర్రమట్టి. నెలరోజులుగా పిలవని పేరంటానికి వచ్చినట్టు వస్తూనే ఉన్నాడు. పేరు సీతయ్య అన్నాడు, రిటైరయ్యానన్నాడు. ఎక్కడ అని సతీష్ అడగలేదు. ఏదో చిన్న పత్రిక విలేకరి అయి ఉంటాడని తనే తేల్చుకున్నాడు.

"ఆ ముప్పై ఒక్కమంది ఏమైండ్రు బాబూ?"

"మిరపకాయలు ఏరబోయిండ్రు, ఏన్కూరు దిక్కు. మార్చిల గూడేలకు గూడేలే పోతయి, మీకు తెల్వదా?"

"నువ్వు చూసినవా?"

"రెండుసార్లు పోయిన. ప్రతి ఇంటికాడ దడి బయట నిలబడి పేరు పెట్టి పిలిచిన. ఎవ్వరూ పలకలే."

లోపలివాళ్ళు పలికితేనే దడి దాటాలి. గూడెం మర్యాద అదని ఉద్యోగంలో చేరిన రోజే చెప్పారతనికి.

"నేను దడి దాటి పోయిన," అన్నాడు ముసలాయన.

"ఎవర్నడిగి పోయిండ్రు?"

"అడగలే. తప్పే. నీ రిజిస్టర్ల ఉన్న జంపక్క వాకిట్ల ఇప్పపూలు ఆరబోస్తున్నది. ఎదురుగ నిలబడేదాక తల ఎత్తలే. ఆమె మిరపకు పోలేదు బాబూ, ఆమెకు వినపడ్తలేదు."

సతీష్ కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

"వయసు మీద పడ్డదేమో."

"ముప్పై ఏండ్లు. పెనిమిటి జంపయ్యకూ గట్లనే అయింది. మొదలు చెవుల్ల జుయ్యిమని మోత, తర్వాత ఏం లేదు. భయపడి మాత్ర మానేసిండ్రు. పదకొండు ఇండ్లు చూసిన, అన్నిట్ల ఇదే కథ. వాళ్ళు ఎందుకు మానేసిండ్రో రాయి బాబూ. రాయకపోతే ఈ మాత్ర అడవి అడవంత పోతది. ఎలుగుబంటి ఎనకనుంచొస్తే వాళ్ళకెట్ల తెలుస్తది?"

"ఈ మాత్ర మీద పెద్ద వైద్య పత్రికల వ్యాసం అచ్చయింది. దాంట్ల చెవుల ముచ్చట ఒక్క ముక్క లేదు."

"అచ్చు కానియ్యని కాయితాలుంటయి."

"ఏవి? చూపియ్యుండ్రి."

ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"చూపియ్యలేను. అందుకే నీ కండ్లతోటి చూడమంటున్న. ఒక్కరోజు నాతోటి రా."

సతీష్‌కి ఒళ్ళు మండింది.

"చూపియ్యలేనోళ్ళు నెలరోజులసంది నా తల ఎందుకు తింటుండ్రు? పోండి. మల్లొస్తే పోలీసులకు ఫోన్ చేస్త."

ముసలాయన లేచాడు.

"సరే బాబూ. మిగిలిన ఇండ్లు నేనే చూస్త."

ఆయన మెట్లు దిగకముందే సతీష్ ముప్పై ఒక్క పేర్ల పక్కనా 'మిరప కూలికి వలస' అని రాసేశాడు. వలస పోయినవాళ్ళను లెక్కలోంచి తీసేయొచ్చు. మిగిలిన ఎనభై తొమ్మిది మందికీ ఏ ఇబ్బందీ లేదు. ఫైలు ఐదింటికి వెళ్ళింది. మేనేజరు శభాష్ అన్నాడు.

ఆ శభాష్ అతనికి ఒంటపట్టలేదు. 'నువ్వు చూసినవా?' అన్న ముసలాయన మాటే వారం రోజులు వెంటాడింది. ఎనిమిదో రోజు పొద్దున్నే గూడెం బస్సెక్కాడు.

జంపక్క ఇంటి దడి బయట నిలబడి పిలిచాడు. పలుకు లేదు. గొంతు చించుకుని పిలిచాడు. కుక్క మాత్రం మొరిగింది.

ఈసారి దడి దాటి లోపలికి పోయాడు.

జంపక్క వాకిట్లోనే ఉంది. అతని నీడ మీద పడ్డాక ఉలిక్కిపడి లేచింది.

పలకనివాళ్ళనల్లా లెక్కలోంచి తీసేశాడు తను. చెవులు పోయినవాళ్ళు ఎలా పలుకుతారు? సతీష్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇల్లిల్లూ తిరిగాడు. ముప్పై ఒక్కరిలో నిజంగా మిరపకు పోయింది నలుగురే.

ముసలాయన కాళ్ళు పట్టుకోవాలనుకుంటూ పాల్వంచలో దిగాడు.

ఆఫీసులో ఒకమ్మాయి ఎదురుచూస్తోంది. సీతయ్యగారి కూతురు లిఖితనని చెప్పింది.

"మొన్న గూడేలు తిరిగొచ్చి, బస్సు దిగంగనే నాన్న పడిపోయిండు. వడదెబ్బ. దవాఖానాకు తీసుకపోయేలోపే పోయిండు. జేబుల ఈ నోటుబుక్కు ఉంది, మీద మీ పేరుంది."

లోపల ఇరవై ఏడు పేర్లు. ఎవరికి ఏ చెవి, ఎన్నో మాత్రకు మోత మొదలైందీ, అన్నీ ఉన్నాయి.

సతీష్‌కి ఏడుపు తన్నుకొచ్చింది.

"నేను పంపిన లెక్క తప్పని ఇయ్యాలే రాస్తనమ్మా. కొలువు పోతే పోనీ. కానీ ఈ వయసుల ఆయనకు ఇంత తపన ఏంది? గూడెపోళ్ళు మీకు చుట్టాలా?"

"కాదు. ఆరేండ్ల కింద వేరేకాడ ఈ మాత్ర ఇచ్చి చూసినప్పుడే చెవులు పోయినయి. కంపెనీ ఆ కాయితాలు అచ్చు కానియ్యలే. బయట చెప్పనని నాన్నతోటి సంతకం పెట్టించుకున్నరు."

"కంపెనీల చేసిండా? ఏం పని?"

లిఖిత కళ్ళు తుడుచుకుంది.

"ఆ మాత్రను కనిపెట్టింది మా నాన్నే."