హోమ్‌ని డచ్‌లో ఏమంటారు

జూన్ పన్నెండు, బుధవారం. ఉదయం పది ఇరవైకి మరీనస్ కోలె కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, ముందు తలుపు పక్కన కుర్చీలో కూర్చున్నాడు. అలా కూర్చోవడం వరసగా పదకొండో రోజు.

ఆ వృద్ధాశ్రమం మెల్బోర్న్‌కి తూర్పున, కొండల కింద ఉంది. డచ్చి వలసదారుల సంఘం నడుపుతోంది. మరీనస్‌కి ఎనభై నాలుగేళ్లు. ముప్పై ఒక్కేళ్లు ట్రామ్ నడిపాడు. మార్చిలో పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ తిరిగొచ్చాయి. ఇంగ్లీషు రాలేదు. పద్దెనిమిదో ఏట ఓడెక్కినప్పుడు ఉన్న డచ్ మిగిలింది.

అతను అడిగేది ఒక్కటే. "నేను ఇంటికెళ్లాలి."

ఇప్పటికి రెండుసార్లు బస్‌స్టాపు దాకా వెళ్లిపోయాడు. మూడోసారి వెళ్తే వెనక వార్డుకి మారుస్తామని మేనేజరు మిసెస్ పాస్కో చెప్పింది. అక్కడ తలుపుకి నంబర్ల తాళం ఉంటుంది. తోట ఉండదు.

మెర్ల్ రోజూ పదిన్నరకి వస్తుంది. ఆమెకి డెబ్బై ఎనిమిది. బడి లైబ్రరీలో పనిచేసి రిటైరైంది. మొదటి నెల ఆమె మరీనస్‌తో ఇంగ్లీషులో మాట్లాడింది. అతను ఆమె పెదవుల వైపు చూసి తల తిప్పుకున్నాడు. ఏప్రిల్‌లో ఇంగ్లీషు-డచ్ నిఘంటువు ఒకటి కొంది. సాయంత్రం ఇంటికెళ్లి వంటగదిలో వాక్యాలు పైకి చదువుకుంటుంది. జవాబిచ్చేవాళ్లు లేరు. ఇప్పుడు వాన గురించి, సూపు గురించి మాట్లాడగలదు. మరీనస్ ఆమెకి జవాబిస్తున్నాడు. మేడమ్ అని పిలుస్తాడు.

ఆమెకి ఇప్పుడు కావలసింది ఒక్క వాక్యం. 'మీరు హోమ్‌లోనే ఉన్నారు.' అతను అది నమ్మాలి. కోటు విప్పాలి.

నిఘంటువులో హోమ్ అన్న మాటకి పేజీన్నర ఉంది.

సోమవారం మొదటి అర్థం వాడింది. హాయిస్. మరీనస్ హాలంతా కలయజూశాడు. "ఇది హాయిస్ కాదు మేడమ్. ఏ ఇంట్లో అయినా నలభై కుర్చీలుంటాయా?" అన్నాడు.

మంగళవారం రెండో అర్థం వాడింది. తెహాయిస్. ఆ రోజు అతను భోజనం ముట్టలేదు.

బుధవారం మెర్ల్ ముందు కాఫీ గదికి వెళ్లింది. జోపీ కప్పులు సర్దుతోంది. జోపీ డచ్చి మనిషి, వారానికి మూడు రోజులు వచ్చి జీతం లేకుండా కాఫీ పోస్తుంది.

"నిన్న ఏమన్నావు ఆయన్ని?" అంది జోపీ.

మెర్ల్ చెప్పింది.

"అయ్యో మెర్ల్. తెహాయిస్ అంటే దిక్కులేనివాళ్లని ఉంచే చోటు."

"ఇది అదే కదా."

"అదే. మొహం మీద అంటావా?"

జోపీ బిస్కెట్ల డబ్బా తెరిచింది. మెర్ల్ ఒకటి తీసుకుంది. జోపీ మూత పెట్టేసింది.

"రెండోది అడక్కు. మా ఇళ్లలో మనిషికి ఒక్క బిస్కెట్టే. డచ్చివాళ్ల దగ్గర డచ్ నేర్చుకుంటే ఇంతే."

"ఎక్కడికి వెళ్తానంటున్నాడో తెలుసా నీకు?"

"ఇంకెక్కడికి, హాలండ్‌లో పుట్టిన ఊరు ఫ్లిస్సింగెన్‌కే. రేవు పక్కన వాళ్లమ్మ ఇంటికి. ఇక్కడి ముసలాళ్లందరికీ చివరికి అమ్మే గుర్తుంటుంది. నిన్న కోర్నేలియా నన్ను వాళ్లక్క అనుకుని జడ వెయ్యమంది."

"వెయ్యకపోయావా."

"వేశాను. బిగించానని తిట్టింది."

జోపీ కప్పు తుడిచి బోర్లించింది.

"తప్పు మాదేలే. ఓడ దిగిన రోజే క్యాంపులో ఆఫీసరు చెప్పాడు, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడుకోండి, తొందరగా కలిసిపోతారు అని. గ్రీకులు వినలేదు. ఇటలీవాళ్లు వినలేదు. మేం విన్నాం. భాషని గుమ్మం బయటే వదిలేశాం. ఇప్పుడు మా బుర్రల్లోంచి ఇంగ్లీషు జారిపోతుంటే, మంచినీళ్లు కావాలన్నా ఇంట్లో ఎవరికీ అర్థం కాదు."

"నాకు మాట చెప్పు జోపీ."

"తాయిస్. గోడలు కాదు అది, మన మనుషులుండే చోటు. ఉత్తినే అంటే నమ్మడు. ఎవరి దగ్గరో కూడా చెప్పు. 'మీరు నా దగ్గర తాయిస్‌లో ఉన్నారు' అను."

కాగితం మీద రాసిచ్చింది. మెర్ల్ ఆరుసార్లు చదివింది. జోపీ రెండుసార్లు యాస దిద్దింది.

"చాలు. ఇప్పుడు ఫ్లిస్సింగెన్‌లో పుట్టినదానిలాగే ఉన్నావు."

పదీ యాభైకి మెర్ల్ వెళ్లి మరీనస్ పక్క కుర్చీలో కూర్చుంది. అతను టోపీ ఎత్తి పలకరించాడు.

ఆమె ఆ వాక్యం డచ్‌లో చెప్పింది. తడబడలేదు.

అతను ఆమె వైపు చూశాడు. కోటు పై బొత్తాం విప్పాడు. రెండోదాని మీద చెయ్యి పెట్టి ఆగాడు. మెర్ల్ కదల్లేదు. అతను విప్పిన బొత్తాం మళ్లీ పెట్టుకున్నాడు.

"మీరు మంచివారు మేడమ్," అన్నాడు. "మన ఊరి మాట విని ఎన్నేళ్లయిందో. కానీ మీ దగ్గర ఉండిపోతే ఎలా? ఇంట్లో ఎదురుచూసే మనిషి ఉంది."

"మీ అమ్మగారా?"

"అమ్మ పోయి చాలాకాలమైంది."

రోడ్డు మీద బస్సు ఆగింది. అతను లేచి తలుపు పిడి పట్టుకున్నాడు.

"నా భార్య మెర్ల్, ఇక్కడి మనిషే మేడమ్, పాపం ఆమెకి డచ్ ఒక్క ముక్క కూడా రాదు."