లిస్టులో లేని జ్వరం

“లిస్టుల నీ పేరు లేదు నర్సక్కా. పాజిటివ్ రిపోర్టు లేనిది కిట్ ఇయ్యద్దన్నరు.”

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఆ ఎండాకాలంలో, కోరుట్ల ఆశా కార్యకర్త గీతకు పొద్దున్నుంచి ఇదే మాట. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఆమె సంచిలో మిగిలింది ఒక్కటే కిట్. అందులో గోలీలు, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసుకునే చిన్న మిషను ఉన్నాయి.

నర్సక్క గడపలో కూర్చుని కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. నాలుగిండ్లలో అంట్లు తోమి బతికే మనిషి. ఉన్నది ఒకటే అర్ర, ఆ గదిలోనే ముగ్గురు.

“నాలుగు దినాలాయె బిడ్డా, జెరం ఇడుస్తలేదు. దమ్ము ఆడ్తలేదు.”

“మరి టెస్టుకు పోరాదు?”

నర్సక్క ఏదో చెప్పబోయి ఆగింది. “ఇప్పుడు లైన్ల నిలబడ వశమైతలేదు.”

“దవాఖానల దినాం యాభై మందికే చేస్తున్నరు. రేపు పొద్దుగాల్లనే పో.”

గీతకు సంచిలోని కిట్ ఇచ్చేద్దామనిపించింది. అనిపించి ఏం లాభం? లిస్టులో పాజిటివ్ అని పేరున్న శైలజ మేడం ఇంటికి నడిచింది.

మేడం ఓ ఆఫీసులో పెద్ద ఉద్యోగి. ఇంటికి పై అంతస్తు ఉంది, పైన విడిగా గది, విడిగా బాత్రూం. గీత మెట్ల మీద కిట్ పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగింది. మేడం మిషను వేలికి తగిలించుకుంది. తొంభై తొమ్మిది.

“జ్వరం ఉన్నదా మేడం?”

“లేదు.”

“దగ్గు?”

“అదీ లేదు. పనామెను రావద్దన్నం గద, గిన్నెలతోనే పరేషాన్.”

మేడానికి రోజూ డాక్టరు ఫోన్ చేశాడు. ఇంటి ముందు మందు చల్లారు. ఉన్నవాళ్లకు రోగం కూడా మర్యాదగానే వస్తుంది కాబోలు అనుకుంది గీత.

నర్సక్క టెస్టుకు పోలేదు. మంచం మీంచి లేస్తేగా! గీత వచ్చిపోయిన అయిదో నాడు ప్రాణం పోయింది. రిజిస్టరులో కారణం దగ్గర గీత ‘జ్వరం’ అని రాసి, ఆ కిట్ ఇచ్చేసి ఉంటే బతికేదేమోనని అక్కడే కూర్చుని ఏడ్చింది.

కిట్ ఇచ్చిన పదో రోజు సంతకం కోసం మేడం ఇంటికి వెళ్లింది.

“మంచిగైంది మేడం. ఇగ ఆఫీసుకు పోవచ్చు.”

“ఎట్ల పోత? నెగెటివ్ రిపోర్టు తెమ్మంటున్నరు. ఒకలను చూసిపెట్టు గీతా. జెరం గిట్ల లేనోళ్లను.”

“ఎందుకు?”

“నా పేరు మీద టెస్టు ఇయ్యనీకి.” మేడం గొంతు తగ్గించింది. “మొన్న ఆఫీసోళ్లు టెస్టు చేయించుకొమ్మన్నప్పుడు గూడ నేను పోలే. గా లైన్ల నిలబడితే లేని రోగం అంటుకుంటది. నా ఆధార్ ఇచ్చి పనామెను పంపిన. మాస్కు ఉంటే మొఖం ఎవలు చూస్తరు?”

గీత చేతిలో పెన్ను ఆగిపోయింది.

“ఎవరిని పంపిన్రు మేడం?”

“నర్సక్కను.”