పళ్లూడిన గేరు

శనివారం పది గంటలకల్లా శ్రీకాంత్ బండి నంద్యాలలో మాధవయ్య లేత్ షెడ్డు ముందు ఆగింది.

"రాప్పా, ఈ వారం ఏమిరిగింది?" అన్నాడు మాధవయ్య, పేపరులోంచి తల ఎత్తకుండానే.

శ్రీకాంత్ సంచిలోంచి గేరు తీసి బల్ల మీద పెట్టాడు. దానికి మూడు పళ్లు లేవు.

అది ఆళ్లగడ్డలో అతను బాగుచేసుకుంటున్న మిల్లింగ్ మిషన్‌ది. ఇనుప దిమ్మెను చెక్కి, గేర్లకు పళ్లు కోసే మిషన్. తాతల కాలం నాటిది. మూతపడిన ఒక వర్క్‌షాపులో దాని మీద కోళ్లు గుడ్లు పెట్టుకుంటుంటే చూసి, మనసుపడి కొన్నాడు. దొర్నిపాడు, సంజామల ట్రాక్టర్లకు గేరు పోతే నంద్యాల దాకా పరిగెత్తకుండా, దగ్గర్లోనే కోసివ్వాలని అతని ఆశ. ఆ మిషన్ చేసిన కంపెనీ ఎప్పుడో పోయింది. ఏ భాగం కావాలన్నా కొత్తగా చేయించుకోవాల్సిందే. ఆ పనిలో మాధవయ్య కూతురు మాధురిని మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు.

చిక్కల్లా ఒకటే. మాధురి అతనితో మాట్లాడదు.

"నాయనా, కొలత ఎంతో అడుగు ఆయప్పను," అంది, అతనికి మూడడుగుల దూరంలో నిలబడి.

"కొలత ఎంతప్పా?" అన్నాడు మాధవయ్య.

శ్రీకాంత్ చెప్పాడు.

"మొదట్లో గూడా ఇట్లే చెప్పి, నట్టు వదులైందని మళ్లా వచ్చినాడు. ఈసారన్నా కొలిచి చెప్తాండాడా, నోటికొచ్చింది చెప్తాండాడా?"

ఈ ప్రశ్నను మాత్రం మాధవయ్య అందించలేదు. పేపరు ఇంకొంచెం పైకెత్తాడు. శ్రీకాంత్ చెవులు ఎర్రబడ్డాయి.

రెండు నెలల్లో అతను రావడం ఇది తొమ్మిదోసారి. మొదట మిషన్ బల్లను జరిపే స్క్రూకు కంచు నట్టు. తర్వాత చేతిచక్రం. ఆ తర్వాత బెల్టు తిరిగే చక్రం. మిగతా గిరాకీలకు ఆ షెడ్డులో మంచినీళ్లు కూడా దొరకవు గానీ, ఇతన్ని మాత్రం మాధవయ్య భార్య తులసమ్మ ఇంట్లోకి పిలిచి జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టేది. వడ్డిస్తూ, "నిదానస్తుడు పిల్లోడు," అని కూతురికి వినబడేటట్టు అనేది. అప్పుడు షెడ్డులో లేత్ చప్పుడు కాస్త ఎక్కువయ్యేది.

మాధురి గేరును వెలుతురులోకి తీసుకుపోయింది. విరిగిన చోట వేలు పెట్టి చూసింది.

"నాయనా, పాత ఇరుగుడైతే నల్లగా ఉంటాది. ఇది తళతళ మెరుస్తాంది. సుత్తితో కొడితే పోయిన పళ్లు ఇవి."



"అంటే మిషన్ బాగానే తిరుగుతాందన్నమాట," అన్నాడు మాధవయ్య.

ఇక దాచి లాభం లేదు. "పదైదు రోజులాయె తిరగబట్టి," అన్నాడు శ్రీకాంత్. "ఏదో ఒకటి ఇరగకపోతే నాకు ఈడ పనేముంటాది?"

పేపరు కదిలింది. దాని వెనక మాధవయ్య నవ్వుతున్నాడో, దగ్గుతున్నాడో తెలియలేదు.

"ఇప్పుడు యాడ పెట్టినాడంట ఆ మిషన్ను?" అంది మాధురి.

"అహోబిలం రోడ్డులో షెడ్డు ఏసినా," అన్నాడు శ్రీకాంత్ నేల చూస్తూ. "మొన్ననే క్రేను పెట్టి ఆడికి జరిపించినా."

మాధురి చాలాసేపు గేరును చేతుల్లో తిప్పుతూ నిలబడింది. తర్వాత పనిలోకి దిగింది. సాయంత్రం నాలుగింటికి కొత్త గేరు తయారైంది. శ్రీకాంత్ చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"నీ చేతికిస్తే మళ్లా సుత్తి తీస్తావు," అంది. రెండు నెలల్లో అతనితో నేరుగా అన్న మొదటి మాట అది. "నేనే వచ్చి బిగిస్తా, పద."

తులసమ్మ అప్పటికే ఒక సంచి, ఊరగాయ జాడీ తెచ్చి గడప పక్కన పెట్టింది. మాధురి ఆయిలు చేతులు కడుక్కుని, గేరు ఒళ్లో పెట్టుకుని, శ్రీకాంత్ వెనక బండెక్కింది. ఇంకా పొద్దుగూకలేదు. వీధి నిండా జనం. పిల్లను అట్లా పంపుతున్నావేమని మాధవయ్యను ఒక్కరూ అడగలేదు.

నడింట్లో మంచం తీయించి ఆ మిషన్ను దింపినందుకు అలిగి, రెండు నెలల కిందట పుట్టింటికి వచ్చేసిన మాధురి, మొగుడి వెంట మళ్లీ కాపురానికి వెళుతోంది.