గిన్నె మీది బూడిద పొర

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు ఎలుక కోటమ్మ తన ఇంటి పైకప్పు తుడుస్తోంది. పైకప్పంటే పెరట్లో ఎవరో బోర్లించి వదిలేసిన పలచటి అల్యూమినియం గిన్నె. దాని కింద ఇంకా కళ్లు తెరవని పిల్లలు నలుగురున్నారు. వానలు మొదలయ్యే రోజులు.

గిన్నె మీది బూడిదరంగు పొర ఎంత తుడిచినా పోలేదు.

"చింతపండుతో రుద్దు వదినా! నల్లబడ్డ రాగిచెంబు దాంతోనే తళతళలాడింది, కళ్లారా చూశాను" అంది గోడ మీది కాకి.

కోటమ్మ రుద్దింది. గిన్నె మెరిసింది గానీ మర్నాటికి చుక్కలు చుక్కలుగా గరుకుదేలింది.

"పులుపు తినేస్తోందే పిచ్చి కోడలా! విరుగుడు సున్నం. నా గుల్లంతా సున్నమే, నాకేమైనా అయిందా?" అంది తొట్టి పక్క నత్త.

కోటమ్మ తడిసున్నం దట్టంగా పూసింది. గిన్నె బుసబుసమని బుడగలు కక్కింది.

"ఇదేమిటత్తా! పులుపుకీ కరిగి, సున్నానికీ కరిగితే ఇది ఎవరి పక్షం?"

"నువ్వే పూయడంలో ఏదో తప్పు చేసుంటావు" అని నత్త గుల్లలోకి ముడుచుకుంది.

సాయంత్రం వాన పడింది. గిన్నెకు పడ్డ సన్నటి చిల్లుల్లోంచి నీళ్లు పిల్లల మీద కారాయి. కోటమ్మ ఒక్కొక్కరినే నోట కరచుకుని కట్టెల మోపు కిందికి చేర్చింది. తప్పు కాకిదో, నత్తదో, తనదో ఆమెకు తేలలేదు.

నాలుగు రోజుల తరవాత, బడి ప్రయోగశాల గోడ మీద కాపురముండే బల్లి చెప్పింది. రాగి మీది నలుపు వదిలించుకోవలసిన చిలుమే. అల్యూమినియం మీది పొర మాత్రం ఆ లోహానికి కాపలా. అది పులుపుకీ, సున్నం లాంటి క్షారానికీ, రెండింటికీ కరుగుతుంది. ఒట్టి వాననీళ్లకు మాత్రం చెక్కుచెదరదు.