ప్రెసిడెంటు గంప

ఆ పెరట్లో ఈసారి ప్రెసిడెంటు పదవి ఆడవాళ్లకే అని తీర్మానమైంది. అందరూ కలిసి చుక్కలపెట్టను గెలిపించారు. మర్నాడు అది ముస్తాబై వచ్చేసరికి ప్రెసిడెంటు గంపలో దాని మొగుడు, ఎర్రతురాయి పుంజు, దర్జాగా కూర్చుని ఉంది.

"నలుగురిలో ఆడదానివి నువ్వేం మాట్లాడతావులే. నీ బదులు నేను కూర్చుంటా" అంది పుంజు.

బాతులు వచ్చి నీళ్ల గోలెం కడిగించమని చుక్కలపెట్టను అడిగితే, పుంజే కుదరదంది. "మా ఆవిడ మాటా అదే" అని కూడా తనే చెప్పేసింది.

చుక్కలపెట్టకు ఒళ్లు మండింది. అంతలోనే నవ్వొచ్చింది. పరుగున వెళ్లి తన పదకొండు గుడ్లూ దొర్లించుకొచ్చి పుంజు కిందికి తోసింది.

"ఇదేంటే?"

"నా బదులు కూర్చుంటానన్నావుగా! నేను కూర్చుని చేసే పని ఇదేనయ్యా. ఇరవై ఒక్క రోజులు. మధ్యలో లేచావో, గంప దిగినట్టే!"

బాతులు పడీపడీ నవ్వాయి. పరువు పోతుందని పుంజు కదల్లేదు. చుక్కలపెట్ట చెత్తకుప్పెక్కి సభలు పెట్టింది, గోలెం కడిగించింది, తీరిగ్గా దుమ్ములో పొర్లింది. ఇంటికొస్తూ మొగుడికి నాలుగు నూకలు తెచ్చి పడేసేది.

ఇరవై ఒకటో నాడు పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని "అమ్మా! అమ్మా!" అంటూ పుంజును చుట్టుకున్నాయి.

"అమ్మనేంటర్రా! నేను ప్రెసిడెంటుని!"

"అబద్ధం! గుడ్లోంచి అన్నీ విన్నాం" అన్నాయి పిల్లలు. "ప్రెసిడెంటుగారు పనులమీద బయట తిరుగుతున్నారు. ఇంట్లో కూర్చున్నది నువ్వేగా!"