మనుషులు లేని లోయ

"మా అమ్మమ్మ పుట్టనే లేదని రాసింది మీరేనా సార్?"

తలుపు తీసిన చరిత్ర మేష్టారు బిత్తరపోయారు. గుమ్మంలో నలభై దాటిన మనిషి. కుట్టుపని మధ్యలో లేచి వచ్చినట్టుంది, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. చేతిలో ఒక జెరాక్సు కాగితం.

"ఎవరి అమ్మమ్మ గురించీ నేనేం రాయలేదే!"

"ఇదిగో." ఆమె కాగితం చాపింది.

అది ఆయన పుస్తకంలోని పేజీయే. దేశ చరిత్ర, జనం, కొండల్లో అడవుల్లో బతికిన తొలి జాతులు - వీటి మీద పదిహేనేళ్ళు కళ్ళు పోయేలా చదివి రాసిన పుస్తకం. ఏడు ముద్రణలు పడింది. నూట నలభై ఆరో పేజీలో ఒక వాక్యం కింద ఎవరో ఎర్ర సిరాతో గీత గీశారు: 'సర్వే నాటికి ఆ లోయలో మనుషులెవరూ లేరు.'

"అక్కడ గని తవ్వుతారట సార్. అది మా పెద్దవాళ్ళ చోటు అని ఇరవై ఇళ్ళవాళ్ళం అర్జీ పెట్టుకున్నాం. ఆఫీసులో ఇది మా చేతిలో పెట్టారు. చరిత్రలోనే లేరు, మీరెక్కణ్ణుంచి ఊడిపడ్డారని నవ్వారు. ఎల్లుండే విచారణ."

మేష్టారు ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టారు.

"చూడమ్మా, నేను గాలి కబుర్లు రాసేవాణ్ణి కాదు. ప్రతి మాటకీ ఆధారం చూపిస్తాను. మీవాళ్ళు అక్కడ ఉండేవాళ్ళనడానికి నీ దగ్గరేముంది?"

"మా అమ్మమ్మ ఉండేది. ఎనిమిదేళ్ళ పిల్లగా అక్కణ్ణుంచి వచ్చేసిందట."

"ఎందుకు వచ్చేసింది?"

"చెప్పేది కాదు సార్. ఆ మాటెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేది. కానీ రోజూ పడుకోబోయే ముందు నలభై మూడు పేర్లు చెప్పుకునేది. దేవుళ్ళ పేర్లనుకుని మేమూ దండం పెట్టుకుని చెప్పేవాళ్ళం. పెద్దయ్యాక తెలిసింది, అవి మనుషుల పేర్లని."

అడక్కుండానే ఆమె ఆ పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. కళ్ళు నేల మీదే ఉన్నాయి. అలాంటి పేర్లు మేష్టారు ఏ పుస్తకంలోనూ చూడలేదు. కొన్ని మరీ పొట్టిగా, పసిపిల్లల్ని పిలిచేలా ఉన్నాయి. టీ తెస్తున్న ఆయన భార్య వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. చివరి పేరు అయ్యేసరికి అంతమందీ వచ్చి నిలుచున్నట్టు ఆ చిన్న గది ఇరుకైపోయింది.

మేష్టారు తల అడ్డంగా ఊపారు. "పేర్లు చెబితే సరిపోదమ్మా. రాతలో ఉండాలి."

"రాసింది మావాళ్ళు కాదు కదా సార్."

ఆయన అలమారలోంచి పుస్తకం తీసి, పేజీ అడుగున ఉన్న సన్నక్షరాల మీద వేలు పెట్టారు. "ఇదీ నా ఆధారం. సర్వే చేసిన అధికారి స్వయంగా రాసుకున్న డైరీ, ఎనభై ఎనిమిదో పేజీ."

"ఆ డైరీ మీరు చూశారా?" భార్య అడిగింది.

"మా గురువుగారు చూశారు. ఆయన పుస్తకంలోంచి తీసుకున్నాను. ఆయన రాశారంటే ఇంక తిరుగులేదు."

"పెళ్ళికి ముందు నన్ను మూడుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. దాన్ని ఒక్కసారీ చూడలేదన్నమాట!"

మేష్టారి మొహం కందిపోయింది. టీ ముట్టుకోకుండానే చెప్పులు వేసుకున్నారు. "పద తల్లీ. నీ కళ్ళతోనే చూద్దువుగాని."

రికార్డు ఆఫీసులో గుమాస్తా గంటసేపు వెతికి, గుడ్డలో చుట్టిన డైరీ పట్టుకొచ్చాడు. "యాభై ఏళ్ళ కిందట ఒకాయన తీయించారు సార్. ఆ తర్వాత మళ్ళీ మీరే." అతను చూపించిన రిజిస్టరులో ఉన్నది గురువుగారి సంతకం.

లోపలంతా పాతకాలపు గొలుసుకట్టు రాత. కుట్టుపనామె కళ్ళు చికిలించి చూసింది. "ఒక్క ముక్క తెలీడం లేదు. మీరే చదవండి సార్."

ఎనభై ఎనిమిదో పేజీ నిండా వాన సంగతి, గుర్రాలకి జబ్బు చేసిన సంగతి, కొలిచిన దూరాలు. అట్టడుగున ఆ వాక్యం. దాని కింద తిన్నగా పెన్సిలు గీత, పక్కన గురువుగారి పొడి అక్షరాలు. మేష్టారికి ప్రాణం లేచొచ్చింది.

"ఇదిగో! 'లోయలో మనుషులెవరూ లేరు.' పొల్లుపోకుండా అదే నేనూ రాశాను. ఇంక నన్నేం చెయ్యమంటావు చెప్పు?"

ఆమె ఆ వాక్యం మీదికి చెయ్యి చాపబోయి, వెనక్కి తీసుకుంది.

"అక్కడితో అయిపోయిందా సార్?"

"పేజీ అయిపోయింది."

"వెనకేముంది?"

ఆయన కాగితం తిప్పారు. పై వరసలోనే ఇంకో చిన్న వాక్యం. దాని కింద కూడా ఒకప్పుడు పెన్సిలు గీత ఉండేది. ఎవరో రబ్బరుతో చెరిపేశారు. చార మాత్రం మిగిలింది.

మేష్టారు దాన్ని పెదవులు కదుపుతూ లోలోపలే చదువుకున్నారు.

"గట్టిగా చదవండి సార్," అందామె.

ఆయన చదివారు.

"'నిన్న సాయంత్రం వరకు ఉన్నారు.'"