ఆకుపచ్చలో ఆగితేనే

"మేడం, ఆమె మల్ల వచ్చింది. ఆటలకెల్లి చక్రం తీసెయ్యమంటున్నది" అన్నాడు గేటు దగ్గరి కాపలా మనిషి ఫోన్లో.

కళ్యాణి తల పట్టుకుంది. ఇది మూడోసారి. అయినా పైకి పంపమంది.

విమానాశ్రయానికి దగ్గర్లోని రావిర్యాలలో, ఆరుగురు కూర్చుని ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారుచేసే చిన్న ఆఫీసు అది. వాళ్ల కొత్త ఆటలో బావి గట్టున ఒక ముసలి రైతు కూర్చుని ఉంటాడు. మొదట్లో పలకరిస్తే చాలు, బదులిచ్చేవాడు. అంత తేలికైతే మజా ఏముందని కిందటి నెల కళ్యాణే మధ్యలో రంగుల చక్రం పెట్టించింది.

ఇప్పుడు ఎంత మర్యాదైన పలకరింపు ఎంచుకుని నొక్కినా చక్రం తిరగాల్సిందే. ఆకుపచ్చలో ఆగితేనే ఆయన నోరు విప్పుతాడు. ఎరుపులో ఆగిందా, మొహం తిప్పేసుకుంటాడు.

ఆడేవాళ్లంతా దుమ్మెత్తిపోశారు. అయితే అందుకోసం మహేశ్వరం నుంచి ఆటో ఎక్కి వచ్చింది మాత్రం ఈ రుక్కమ్మ ఒక్కతే. యాభై దాటిన మనిషి. చేతిలో అద్దం పగిలిన ఫోను.

"పొద్దుగాల నుంచి అరవైసార్లు తిప్పిన బిడ్డా. రెండుసార్లే మాట్లాడిండు."

"అదంతా అదృష్టం అమ్మా. ఆటంటే అంతే."

"నేను మంచిమాటే ఒత్తుతున్న. మనిషితోని మాట్లాడనీకి చక్రమెందుకు బిడ్డా?"

కళ్యాణికి కోపం వచ్చింది.

"ఆట కోసం ఇంత పిచ్చా అమ్మా? ఇంట్లో పనేం లేదా మీకు?"

"ఉన్నది. చేసుకుంటనే తిప్పుత. ఎందుకంటే బిడ్డా, ఆయన..."

"ఎందుకైతే ఏంలెండి!" కళ్యాణి మధ్యలోనే అందుకుంది. "మీలాంటివాళ్ల పోరు పడలేక ఇవాళ పొద్దున్నే చక్రం తీసేశాం. ఫోన్ ఇలా ఇవ్వండి."

రుక్కమ్మ మొహం చిన్నపిల్ల మొహమైపోయింది. గబగబా కొంగుతో ఫోను తుడిచి ఇచ్చింది.

కళ్యాణి పాత ఆట మీద కొత్తది ఎక్కించింది. అది ఎక్కుతుండగా నెత్తి మీదుగా విమానమొకటి దిగింది. రుక్కమ్మ తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఇక పలకరించండి. ఎన్నిసార్లంటే అన్నిసార్లు."

రుక్కమ్మ వేలితో మెల్లగా తాకింది. చక్రం రాలేదు. ముసలి రైతు తలెత్తి చూశాడు.

"పైలంగ పో బిడ్డా. పొద్దుగూకకముందే ఇల్లు జేరు."

గొంతు ఖంగుమంది.

రుక్కమ్మ మళ్లీ తాకింది. మళ్లీ అదే. మూడోసారి తాకబోయి ఆగింది.

"ఇది కాదు బిడ్డా."

"అదే మాట అమ్మా. అక్షరం కూడా మార్చలేదు. గొంతొక్కటే మార్చాం. పాతాయన మాట మధ్యలో దగ్గుతున్నాడు, వినడానికి బాగాలేదు."

"అవును. దగ్గుతుండె" అంది రుక్కమ్మ.

ఫోను కళ్యాణి వైపు జరిపింది. "మల్ల పాతదే పెట్టనీకి రాదా?"

"రాదమ్మా. పొరపాటున కలిసిపోతాయని నిన్ననే ఆ పాత గొంతు రికార్డింగులన్నీ చెరిపించేశాను. మా దగ్గర కూడా లేవు."

రుక్కమ్మ ఫోను అందుకుని కొంగులో చుట్టుకుంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని కళ్యాణికి తర్వాత చాలాసార్లు అనిపించింది.

"నువ్వేం జేస్తవ్ బిడ్డా, నేనడిగిందే జేసినవ్" అంటూ లేచింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడింది. "చక్రమున్నా మంచిగనే ఉండె."

ఆమె వెళ్లిపోయాక కళ్యాణికి ఎందుకో మనసు పాడైంది. చక్రం తీయమంది, తీశాం. ఇంకేం కావాలి ఈ మనిషికి అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

అంతలో రాజశేఖర్ వచ్చాడు. గొంతులు రికార్డు చేసేది అతనే. బ్యాగు భుజాన ఉండగానే కుర్చీలో కూలబడ్డాడు.

"మెట్ల మీద రుక్కమ్మ కనపడ్డది మేడం. చెన్నయ్య ఎట్లున్నడని అడిగిన."

"చెన్నయ్య ఎవరు?"

"మన ముసలి రైతుకు ముందుగాల గొంతిచ్చినాయన మేడం, ఆమె పెనిమిటి... పోయి మూడు నెలలైందంట."